అమెరికా గేమ్ ఫీడర్: అడవి అంచున వద్దు, మన కోళ్ల దొడ్లో పెట్టండి



కొంతకాలంగా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం వీడియోలు బాగా తిరుగుతున్నాయి. అమెరికాలో, అందులోనూ ఎక్కువగా టెక్సాస్ రాష్ట్రంలో తీసినవి. మూడు కాళ్ల మీద పెద్ద డ్రమ్ము నిలబడి ఉంటుంది. తెల్లారే వేళకు దాని కింద ఏదో గిర్రున తిరిగి మొక్కజొన్న గింజలు చుట్టూ చిమ్ముతుంది. కాసేపటికి పొదల్లోంచి జింకలు వచ్చి తింటాయి. అక్కడ మనిషి ఉండడు, కరెంటు లైను ఉండదు. దీన్ని వాళ్లు గేమ్ ఫీడర్ అంటారు. 'గేమ్' అంటే ఇక్కడ ఆట కాదు, వేటాడే జంతువు.

ఈ వీడియోలు చూసిన మన రైతులు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అడవి పందులు వేరుశనగను, మొక్కజొన్నను బతకనివ్వడం లేదు. అడవి అంచున ఇలాంటిది ఒకటి పెట్టి రోజూ కాసిన్ని గింజలు పడేస్తే అవి అక్కడే తిని పోతాయి కదా? మన పంట జోలికి రావు కదా?"

ప్రశ్న న్యాయమైనదే. రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా కొట్టేవాళ్ల బాధ తెలిసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసేయరు. కానీ నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పొలం గట్టు మీద గానీ, అడవి అంచున గానీ ఇది పెట్టొద్దు. పందుల బెడద తగ్గదు సరికదా, మనమే డబ్బు పెట్టి వాటిని పిలిచినట్టు అవుతుంది. అదే యంత్రం మన కోళ్ల దొడ్లో, చేపల చెరువు గట్టు మీద మాత్రం చక్కగా పనికొస్తుంది. ఎందుకో వివరంగా చూద్దాం.

అది ఎవరి కోసం పుట్టింది?

టెక్సాస్‌లో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో ఉంది. పెద్ద పెద్ద పశువుల క్షేత్రాలు, వాటిలో తుమ్మ జాతి ముళ్ల పొదలు, ఎండు గడ్డి. అక్కడ తెల్లతోక జింకను వేటాడటానికి లైసెన్సు ఉంది, సీజను ఉంది, ఒక్కొక్కరు ఎన్నింటిని వేటాడొచ్చో లెక్క ఉంది. భూమి యజమాని ఆ సీజనుకు తన భూమిని వేటగాళ్లకు లీజుకు ఇస్తాడు. కరువు సంవత్సరాల్లో పశువుల మీద వచ్చేదాని కంటే ఈ లీజు డబ్బే ఆధారమైన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ప్రైవేటు భూమిలో జింకలకు గింజలు వేసి రప్పించుకోవడానికి ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది.

అంటే అక్కడ ఫీడర్ ఒక వ్యాపార పనిముట్టు. జంతువు ఫలానా చోటికి, ఫలానా టైముకు రావాలి, వేటగాడికి కనబడాలి. దాని పని జంతువును దూరం పంపడం కాదు, దగ్గరికి రప్పించడం. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మన ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. రప్పించడానికి పుట్టిన యంత్రాన్ని తరమడానికి వాడాలని చూస్తున్నాం మనం.

ఇంట్లో ఎలా తయారు చేసుకుంటారు?

తయారీలో పెద్ద రహస్యం ఏమీ లేదు. కంపెనీ ఫీడర్లు దొరుకుతున్నా అక్కడ చాలామంది ఇంటి వెనక షెడ్డులో సొంతంగానే చేసుకుంటారు.

దాదాపు 200 లీటర్ల డ్రమ్ము తీసుకుంటారు. అందులో 140 కిలోల దాకా మొక్కజొన్న పడుతుంది. అడుగున గరాటు బిగిస్తారు, లేకపోతే గింజలు మూలల్లో నిలిచిపోతాయి. గరాటు మూతికి కొంచెం కింద ఒక చిన్న పళ్లెం, దాని మీద నిలువుగా వంచిన రెండు మూడు రెక్కలు. పళ్లెం ఆగి ఉన్నప్పుడు గింజలు దాని మీద కుప్పగా నిలబడి దారి మూసేస్తాయి. తిరిగినప్పుడు కుప్ప చెదిరి గింజలు చుట్టూ ఎగిరిపడతాయి. అంటే వేరే మూత గానీ, గేటు గానీ అక్కర్లేదు. గరాటుకూ పళ్లేనికీ మధ్య ఖాళీని బట్టి ఎంత గింజ రాలాలో తేలుతుంది.

పళ్లెం కింద 6 లేదా 12 వోల్టుల మోటారు, దానికో టైమరు, ఒక బ్యాటరీ, పైన చిన్న సోలార్ పలక. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ప్రతిసారీ కొన్ని సెకన్లు మాత్రమే తిరిగేలా పెడతారు. అక్కడ రకూన్ అనే జంతువు చేతులతో పళ్లేన్ని తిప్పి గింజలు దొంగిలిస్తుంది. అందుకని మోటారు చుట్టూ ఇనప జాలీ బిగిస్తారు. ఇంకా తేలిక రకం కూడా ఉంది. లావు పీవీసీ పైపును నిలబెట్టి కింద వంపు ముక్క పెడితే, జంతువు తిన్నకొద్దీ గింజ కిందికి జారుతుంది. దానికి మోటారే అక్కర్లేదు.

ఇంత సులువుగా ఉంది కాబట్టే మనకూ చేయాలనిపిస్తుంది. చేయడం కష్టం కాదు. చేసిన తర్వాత ఏమవుతుందన్నదే అసలు సంగతి.

అక్కడ ఏం జరిగింది?

మొదటి సంగతి పందులే. అమెరికా ఖండానికి పంది సొంత జంతువు కాదు. 1539లో హెర్నాండో డి సోటో అనే స్పెయిన్ సైన్యాధికారి ఫ్లోరిడాలో దిగినప్పుడు తిండి కోసం పందుల మందను వెంట తెచ్చుకున్నాడు. తర్వాత వలస వచ్చినవాళ్లు పందులను ఆరుబయట వదిలి పెంచారు. అవి తప్పించుకుని అడవి పట్టాయి. 1930ల్లో టెక్సాస్‌లో కొందరు భూస్వాములు వేట కోసమని యూరప్ అడవి పందులను తెచ్చి వదిలారు. రెండూ కలిసిపోయాయి. ఇవాళ ఒక్క టెక్సాస్‌లోనే 20 లక్షలకు పైగా ఉన్నాయని అంచనా, దేశం మొత్తం మీద 60 లక్షల పైమాటే.

జింకల కోసం వేసిన మొక్కజొన్న ఈ పందులకు సిద్ధాన్నం. ఒక ఆడపంది ఏడాది నిండకుండానే ఈతకు వస్తుంది, ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలు. కడుపు నిండా తిండి దొరికిన చోట పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. అక్కడి వ్యవసాయ విస్తరణ నిపుణులు ఇప్పుడు ఫీడర్ చుట్టూ మూడడుగుల లోపు ఎత్తున్న గట్టి ఇనప కంచె వేయమంటున్నారు. జింక దాన్ని దూకుతుంది, పంది దూకలేదు. అంటే ఫీడర్‌కు కంచె కట్టాల్సి వచ్చింది! మనమేమో పందుల కోసమే ఫీడర్ పెడదామా అంటున్నాం.

రెండో సంగతి రోగాలు. పశువులున్న ప్రతి రైతూ ఇది జాగ్రత్తగా వినాలి. మిషిగన్ రాష్ట్రంలో 1994లో వేటాడిన ఒక జింకలో పశువుల క్షయ బయటపడింది. వెతికితే ఇంకా చాలా జింకల్లో ఉందని తేలింది. వేటగాళ్లు కుప్పలుగా పోసిన మేత దగ్గర జింకలు మూతులు కలిపి తినడం వల్లే రోగం అంతగా పాకిందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తర్వాత అది చుట్టుపక్కల ఆవుల మందల్లోకీ వచ్చింది. జింకలకు మేత వేయడం మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది.

జింకలను చిక్కి శల్యం చేసి చంపే ఇంకో రోగం ఉంది, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అంటారు. 1967లో కొలరాడోలో మొదట గమనించారు, 2012 నాటికి టెక్సాస్‌లోనూ కనబడింది. దానికి మందు లేదు. చొంగ, మూత్రం, పేడల ద్వారా మట్టిలో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. ఇది బయటపడిన చోట్ల చాలా రాష్ట్రాలు మేత వేయడాన్ని నిషేధించాయి.

మూడోది బూజు. తేమ పట్టిన మొక్కజొన్నలో ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ విషం తయారవుతుంది. వేరుశనగ పండించే మనకు ఈ పేరు కొత్త కాదు. వాన నీరు దిగిన డ్రమ్ములో మిగిలిపోయిన గింజలు జింకలకే కాదు, నేల మీద ఏరుకునే పక్షులకూ ప్రమాదమే.

ఇవన్నీ చూశాక అక్కడి వన్యప్రాణి నిపుణులు చెప్పేది ఏమిటంటే, డ్రమ్ము కంటే ముందు నేల సంగతి చూడమని. మొక్కజొన్నలో మాంసకృత్తులు 8 నుంచి 10 శాతమే, జింక ఎదుగుదలకు అది చాలదు. స్థానిక గడ్డి, పొదలు, ఆకు మేత బాగుంటే జింకలు వాటంతటవే ఉంటాయి. ఆల్డో లియోపోల్డ్ 1933లో రాసిన 'గేమ్ మేనేజ్‌మెంట్' అనే పుస్తకం నుంచీ ఈ ఆలోచనకు పునాది ఉంది. మొక్కకు బస్తా ఎరువు పోయకుండా నేలను బతికించుకునే మనకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఎందుకు పనికిరాదు?

ముందు చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా వేట కిందే వస్తాయి. "నేను పందికి అన్నం పెట్టాను, అంతేగా" అని మీరు అనుకోవచ్చు. కానీ ఆ డ్రమ్ము పక్కన రేపు ఎవరో ఒక ఉచ్చు పెట్టారనుకోండి, మేత ఎవరిదని అటవీ శాఖ వాళ్లు మొదట అడుగుతారు. ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

ఉచ్చు పెట్టరని అనుకోవడానికి లేదు. పందులు రోజూ ఒకే చోటికి, ఒకే టైముకు వస్తున్నాయని ఊళ్లో తెలిస్తే కరెంటు తీగ లాగేవాడు ఒకడు, నాటు బాంబు పెట్టేవాడు ఒకడు తయారవుతారు. అలా లాగిన తీగ తగిలి తెల్లారి నీళ్లు కట్టడానికి వెళ్లిన రైతులే ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మన జిల్లాల్లో ఎన్ని చదవలేదు? 2020లో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు నోట్లో పేలుడు పదార్థం పేలి చనిపోయింది. పంటల మీదికి వచ్చే పందుల కోసం అలాంటివి పెడతారు. దానికి ఏనుగు బలైంది. ఎర ఎవరి కోసం వేశామో తినే జంతువుకు తెలియదు.

ఇక డబ్బు లెక్క. పది పందుల గుంపు వస్తుందనుకుందాం. ఒక్కోటి రోజుకు రెండు కిలోలు తిన్నా రోజుకు 20 కిలోలు, నెలకు 6 క్వింటాళ్లు. 2025-26 మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. నెలకు 14,400 రూపాయలు. నాలుగు నెలల పంటకు 57,600. పైగా రెండో నెలలో ఆ గుంపు పది దగ్గరే ఆగుతుందని ఎవరైనా హామీ ఇవ్వగలరా? టెక్సాస్ యజమానికి ఆ ఖర్చు లీజు రూపంలో తిరిగొస్తుంది. మనకు ఎవరు తిరిగిస్తారు? యూరియా కట్ట కొనడం మానేసి, పందికి మొక్కజొన్న కట్ట కొనడం మొదలుపెడితే అది పెట్టుబడి తగ్గించే వ్యవసాయం ఎలా అవుతుంది?

"కొంచెమే వేస్తాం, ఆకలి తీరేంత కాదు" అంటారు కొందరు. అది ఇంకా ప్రమాదం. కొంచెం రుచి చూసి కడుపు నిండని పంది వెనక్కి పోదు. అక్కడి నుంచి వాసన పట్టుకుని ముందుకే వస్తుంది. పందికి చూపు తక్కువ, ముక్కు మాత్రం చాలా చురుకు. మీ వేరుశనగ కాయలు మట్టిలో ఉన్నా దానికి తెలుస్తాయి.

నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేది పక్క రైతు సంగతి. ఫీడర్ మీ గట్టు మీద ఉంటుంది, పంది వచ్చే దారి మాత్రం పక్కవాళ్ల కందిలోంచీ, అవతలి వాళ్ల మక్క చేనులోంచీ ఉంటుంది. మీ పంట ఒకవేళ మిగిలినా వాళ్ల పంట పోతుంది. గట్టు తగాదాలు మనకు ఇప్పటికే చాలు. రసాయనాలు వాడే పక్క రైతును ప్రకృతి వ్యవసాయం వైపు తిప్పాలని ఏళ్ల తరబడి ప్రయత్నిస్తున్న మనం, అతని పొలంలోకి పందులను పిలిచినవాళ్లం అయితే ఇక మన మాట వింటాడా?

చివరగా, మన ఆవు. జీవామృతం, ఘనజీవామృతం అన్నీ ఆవు మీదే నడుస్తాయి. గాలికుంటు వ్యాధి గిట్టలు చీలిన జంతువులన్నిటికీ వస్తుంది. ఆవు, గేదె, గొర్రె, మేక, పంది ఏదీ మినహాయింపు కాదు. పది పందులు రోజూ చొంగ కార్చుకుంటూ తినే చోటు, పగలు మన ఆవు మేసే చోటు ఒకటే అయితే మిషిగన్ పాఠం మనమూ నేర్చుకోవాల్సి వస్తుంది. ఊళ్లో పందులు పెంచుకునే కుటుంబాలకు ఇంకో భయం ఉంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో మన దేశంలోకి వచ్చింది. అది అడవి పందికీ పెంపుడు పందికీ తేడా చూడదు.

"జీవాలకు పెట్టడం తప్పా?"

ఈ మాట అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. గుళ్లో, వసారాలో పిచ్చుకల కోసం వరి కుచ్చులు వేలాడదీసిన సంస్కృతి మనది. వేసవిలో పక్షులకు మూకుడులో నీళ్లు పెడతాం. చేనులో పక్షులు వాలడానికి కర్రలు నాటుతాం. మరి ఫీడర్ తప్పెలా అవుతుంది?

తేడా ఉంది. కర్ర మీద వాలిన కాకి, నల్లంచి మన దగ్గర గింజలు ఆశించవు. పురుగును అవే వెతుక్కుని తింటాయి. వాటికి తిండి, మనకు పని. మనం ఇచ్చింది కూర్చునే చోటు మాత్రమే. వరి కుచ్చు గుప్పెడు గింజలు, ఊరి పిచ్చుకలకు. ఫీడర్ అలా కాదు. అది అడవి జంతువుకు అడవిలో వెతుక్కునే అలవాటు మాన్పించి, మన గడప దగ్గర టైముకు నిలబడే అలవాటు నేర్పుతుంది. ఏదో ఒక రోజు బ్యాటరీ అయిపోతుంది, లేదా మన చేతిలో డబ్బు అయిపోతుంది. అప్పుడు ఆ అలవాటు పడ్డ మంద ఎక్కడికి పోతుంది? పక్కనే ఉన్న చేలోకి. అడవి జంతువు మీద నిజంగా దయ ఉంటే అడవిలో నీటి గుంటలు, పండ్ల చెట్లు, వెదురు బతికేలా అటవీ శాఖతో, గ్రామ సభతో మాట్లాడటం మేలు.

మరి డ్రమ్ము ఎక్కడ పెట్టాలి?

యంత్రం మంచిదే, చోటు మార్చాలి అంతే. నాటు కోళ్లు, బాతులు, చేపలు కలిపి సమీకృత వ్యవసాయం చేసే వాళ్లకు పొద్దునా సాయంత్రం మేత వేయడానికి మనిషి ఉండాల్సిందే. పెళ్లికి పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా ఎవరికి అప్పజెప్పాలా అన్న బెంగ. ఆ బెంగను ఈ చిన్న ఫీడర్ తీరుస్తుంది. ఈ వ్యాసంతో ఉన్న వీడియోలో కోళ్ల కోసం చేసే పద్ధతి చూడొచ్చు. ముఖ్యమైన విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

ఒకటి, పెద్ద డ్రమ్ము వద్దు. మూత ఉన్న 20 లీటర్ల బకెట్ చాలు. అందులో 14 కిలోల దాకా గింజ పడుతుంది. బయట తిరిగి మేసే 50 కోళ్లకు ఒక్కోదానికి 40 గ్రాముల చొప్పున అదనపు మేత అంటే రోజుకు 2 కిలోలు. ఒకసారి నింపితే వారం వస్తుంది. అంతకంటే ఎక్కువ నింపితే, ముఖ్యంగా వానాకాలంలో, బూజు పడుతుంది. బాగా ఎండిన గింజే పోయాలి.

రెండు, మోటారు. పాత కారు వైపర్ మోటారుకు బలం ఉంటుంది గానీ నెమ్మదిగా తిరుగుతుంది. అది గింజను కింద రాలుస్తుంది, దూరం విసరదు. గింజ ఒకటి రెండు మీటర్లు చెదరాలంటే వేగంగా తిరిగే 12 వోల్టుల చిన్న డీసీ మోటారు, దానికో స్పీడ్ రెగ్యులేటరు కావాలి. మేత చెదిరి పడితే బలమైన కోళ్లు ఒకచోట గుమిగూడి బలహీనమైన వాటిని తరమవు. కోళ్లు కాళ్లతో గీరుకుంటూ ఏరుకుంటాయి కాబట్టి ఆకు పరుపు కూడా తిరగబడుతుంది.

మూడు, బ్యాటరీ. మన స్ప్రేయర్‌లో ఉండే 12 వోల్టుల బ్యాటరీ సరిపోతుంది. లెక్క చూడండి. మోటారు 3 ఆంపియర్లు తీసుకుంటూ పది సెకన్ల చొప్పున రోజుకు రెండుసార్లు తిరిగితే 60 ఆంపియర్-సెకన్లు. 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 25,200 ఉంటాయి. మోటారు వరకే లెక్కేస్తే 400 రోజులకు పైగా. అసలు ఖర్చు టైమరు రోజంతా తాగేదే. అందుకే చిన్న సోలార్ పలక, చార్జ్ కంట్రోలర్ ఉంటే నిశ్చింత.

నాలుగు, టైమరు కొనేటప్పుడు జాగ్రత్త. బజారులో చవగ్గా దొరికే డిజిటల్ టైమర్లలో చాలావాటికి కనీస వ్యవధి ఒక నిమిషం. నిమిషం పాటు తిరిగితే బకెట్లో గింజంతా నేల మీదే. సెకన్లలో పెట్టుకునే వీలున్నది అడిగి తీసుకోండి. లేదా టైమరు తర్వాత ఒక టైమ్ డిలే రిలే కలపండి. బిగించాక పళ్లెం చుట్టూ సంచి కట్టి పది సెకన్లు తిప్పి, రాలిన గింజ తూకం వేయండి. తూకాన్ని బట్టి పళ్లెం ఖాళీ, సెకన్లు సరిచేసుకోవాలి.

ఐదు, ఏం పోయాలి. మక్క నూక, జొన్న, సజ్జ బాగా జారుతాయి. తవుడు, చెక్క పొడి, తడి మేత జారవు, గరాటులో గూడు కట్టేస్తాయి. వాటిని చేత్తోనే వేయాలి.

ఆరు, టైము. పొద్దున వెలుతురు వచ్చాక ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. చీకటి పడేలోపు కోళ్లు గింజలన్నీ ఏరుకోవాలి. నేల మీద మిగిలితే ఎలుకలు, ఎలుకల వెనక పాములు, రాత్రికి పందులు వస్తాయి. అందుకే ఇది తప్పనిసరిగా కంచె లోపలే ఉండాలి.

చేపల చెరువుకైతే నీటి మీద తేలే గుళిక మేత వాడేవాళ్లకు ఇదే ఫీడర్ గట్టు మీద నుంచి నీళ్ల వైపు పనిచేస్తుంది. తవుడు వేసేవాళ్లకు మోటారు అక్కర్లేదు. కొల్లేరు ప్రాంతంలో చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి నీటిలో పాతిన కర్రలకు కడతారు. చేప వచ్చి సంచిని పొడుచుకుని కావలసినంతే తింటుంది. మన వాళ్లు కరెంటు లేకుండా చేసుకున్న ఫీడర్ అది. టెక్సాస్ వీడియోల ముందు మనం దాన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు.

పందుల సంగతి అలాగే వదిలేయాలా?

వదిలేయకూడదు. ఒక్క ఉపాయంతో ఆగే జంతువు కాదు అది, రెండు మూడు కలిపి చేయాలి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం కొన్ని వరుసలు దగ్గరదగ్గరగా వేయమని చెబుతూ వచ్చారు. కుసుమ ముళ్లు గుచ్చుకుంటాయి, ఆముదం వాసన లోపలి పంట వాసనను కప్పుతుంది. ఆ గింజలూ మనకు ఆదాయమే. మంగలి షాపు వెంట్రుకలు, కుళ్లిన గుడ్ల ద్రావణం, పాత చీరలు కొన్నాళ్లు పనిచేస్తాయి. పంది అలవాటు పడకముందే మార్చాలి, వాన పడిన వెంటనే మళ్లీ వేయాలి.

కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగడం నేరం, అది హత్యతో సమానం. దానికీ, సరైన ఎనర్జైజర్‌తో నడిచే సోలార్ కంచెకూ చాలా తేడా ఉంది. సోలార్ కంచెలో కరెంటు క్షణంలో వెయ్యో వంతు సేపు కొట్టి ఆగిపోతుంది, జంతువు బెదురుతుంది గానీ చావదు. ఒక్కడు రెండెకరాల చుట్టూ వేసుకునే కంటే, వరుస సర్వే నంబర్ల వాళ్లు పది మంది కలిసి అడవి వైపు ఒకే కంచె వేసుకుంటే తలా ఒకరికి పడే ఖర్చు బాగా తగ్గుతుంది. నష్టం జరిగితే ఆ రోజే ఫోటోలు తీసి అటవీ శాఖకు, వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. పందులు మరీ ఎక్కువైతే చట్ట ప్రకారం అనుమతి తీసుకునే దారి ఉంది. ఆ దారి గ్రామ సభ తీర్మానంతో మొదలుపెడితే బలం ఉంటుంది.

కాబట్టి ఫీడర్ వీడియో చూసి ఇప్పటికే డ్రమ్ము కొన్నవాళ్లు ఉంటే బాధపడొద్దు, వృథా కాదు. అందులో విత్తనాలు దాచుకోండి, లేదా జీవామృతం కలుపుకోండి. మోటారు, టైమరు, బ్యాటరీలను కోళ్ల దొడ్లోకి మార్చండి. అడవి అంచున పెట్టాలనుకున్న 14,400 రూపాయల మొక్కజొన్న డబ్బును వచ్చే సీజనుకు పక్క రైతులతో కలిసి వేసే కంచెలో పెట్టండి.